మామగారి కారులో చలి

కార్ల ఏసీలు బాగుచేయడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని చాలామంది అంటారు. ఆ చాలామందిలో మొదటివాణ్ణి నేనే. రెండోవాడెవరో ఇంకా తేలలేదు.

షెడ్డు మా మామగారిది. నట్లు విప్పే పనిలో చేరి, ఆయన దగ్గరే పని నేర్చుకుని, చివరికి ఆయన కూతుర్నే చేసుకున్నాను. ఆయన షెడ్డు నాకప్పగించి ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టాక, బోర్డు మీద పెద్ద అక్షరాలతో నా పేరు రాయించుకున్నాను. ఏం లాభం, పనివాళ్ళ దగ్గర్నుంచి పాత ఖాతాదారుల దాకా అందరికీ నేను అల్లుడుగారినే. కొత్తగా వచ్చేవాళ్ళు అదే నా పేరనుకుంటారు. సరిదిద్దే ఓపిక కూడా పోయింది.

అంతటి మొనగాణ్ణి, మొన్న వేసవంతా మా మామగారి చేతుల్లో స్పర్శ పోతూ ఉంటే ఆయన కారుకి వైద్యం చేశాను. చివరిదాకా దాచిపెట్టి ఊరించడానికి ఇదేమీ నా ఘనకార్యం కాదు గనక ముందే చెప్పేస్తున్నాను. ఆయనకి జబ్బు, కారుకి మందు. పైగా ప్రతిసారీ నయమైపోయిందని నేనే ప్రకటించేవాణ్ణి.

మామగారి పద్ధతి వేరు. ఆయనకు మీటర్లంటే గిట్టదు. కారు రాగానే ఇంజను స్టార్ట్ చేయించి, ఏసీ వేయించి, చెయ్యి తిప్పి, అరచేతి వెనకవైపుని గాలికి అడ్డంగా పెట్టి కళ్ళు మూసుకునేవారు. తరవాత బానెట్ ఎత్తి, కంప్రెసర్‌లోకి వెళ్ళే గొట్టాన్నీ, అందులోంచి బయటికొచ్చే గొట్టాన్నీ తాకి చూసేవారు. వెళ్ళేది చల్లగా చెమర్చి ఉండాలి, వచ్చేది చురుక్కుమనాలి. ఆ తేడాని బట్టి గ్యాస్ ఎంత తగ్గిందో, అడ్డం ఎక్కడ పడిందో చెప్పేసేవారు. అనుమానం కొద్దీ గ్యాస్ ఒత్తిడి చూపే గేజీలు తగిలించి చూస్తే ఆయన మాటే నిజమయ్యేది. ఆయన ముందు గేజీ తీయడమంటే ఆయన్ని నమ్మనట్టే లెక్క. షెడ్డు నా చేతికొచ్చాక ఒక థర్మామీటరు కొన్నాను గానీ, దాన్ని సొరుగులో స్పానర్ల కింద దాచేవాణ్ణి. సిగరెట్లు దాచుకునే అల్లుళ్ళను చూశాను, థర్మామీటరు దాచుకునే అల్లుణ్ణి మాత్రం నన్నే చూశాను.

ఎండలు ముదురుతుండగా ఆయన తన కారుని మామూలు సర్వీసుకి తెచ్చారు. పక్క సీట్లో అత్తయ్య. ఆయన ఎక్కడికి వెళ్ళినా ఆవిడ ఆ సీట్లో ఉండాల్సిందే. స్టీరింగ్ ఇంకెవరి చేతికీ ఇవ్వరు. నేను నడిపితే కళ్ళు తిరుగుతాయంటారు. ఆయిలు మార్చాం, చక్రాలు చూశాం, బ్యాటరీలో నీళ్ళు చూశాం. వెళ్ళబోతూ, ఏసీ చల్లగా రావడం లేదు చూడమన్నారు. డ్యాష్‌బోర్డు వెనక ఫిల్టరు లాగితే దాన్నిండా ఎండుటాకులూ, దుమ్మూ. నాకు ప్రాణం లేచొచ్చింది. గురువుగారి కారులో తప్పు పట్టే అవకాశం జన్మకో శివరాత్రి అన్నట్టు వస్తుంది మరి. ఫిల్టరుని ఆయన ముఖం ముందు ఆడించి, "దొరికింది మామయ్యా" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. ఏసీ గాలికి చెయ్యి అడ్డం పెట్టి, కాసేపుండి, పర్వాలేదన్నట్టు తలూపి వెళ్ళిపోయారు. ఆ తలూపులో కాస్త ఆలస్యం ఉంది. నేను దాన్ని గమనించలేదు, కాలరు సవరించుకునే పనిలో ఉన్నాను.

కొద్ది రోజులకే మళ్ళీ వచ్చారు. గాలి జోరుగానే వస్తోందట, చల్లదనమే లేదట. గ్యాస్ తీసి, గొట్టాల్లో తేమ లేకుండా లాగి, కొత్తది నింపాను. దొరికిందన్నాను. మళ్ళీ వచ్చారు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చాను. అదీ దొరికింది. ఇంకోసారి కండెన్సర్‌ని దించి కడిగించి, దాని ముందున్న ఫ్యాను మార్చేశాను. ఆ కారులో నాకు దొరికినన్ని తప్పులు ఇంకెవరి కారులోనూ దొరకలేదు. సామాన్లు తెప్పించేది మా ఆవిడ. పార్ట్‌ల కౌంటరు తనదే. ఒక రోజు కొత్త బెల్టు నా ముందు పడేసి, "మా నాన్న కారులో పాతది ఇంకేమైనా మిగిలిందా? స్టీరింగ్ ఒక్కటైనా ఉంచండి, పట్టుకోవడానికి ఉంటుంది" అంది. నాకు ఒళ్ళు మండింది. పని తెలిసినవాళ్ళు పని గురించి మాట్లాడితే బాగుంటుందన్నాను. తను నవ్వింది. షెడ్డులోనే పుట్టి పెరిగిన మనిషితో నేనన్న మాట అది.

ఇంత జరుగుతున్నా నేను సొరుగులోని థర్మామీటరు తీయలేదా అంటే, తీశాను. మామగారు టీ తాగడానికి అటు తిరగ్గానే దాన్ని గాలికి పెట్టాను. ముల్లు కిందికి జారి, చలికాలపు తెల్లవారుజాములో ఉండాల్సిన చోట ఆగింది. ఇంకెవరైనా అయితే ఏసీ భేషుగ్గా ఉందనుకునేవారు. నేను థర్మామీటరు పాడైపోయిందనుకున్నాను. మామగారి చేతికి చల్లగా లేదంటే, చల్లగా ఉందనే యంత్రానిదే తప్పు కదా. దాన్ని చెత్తలో పారేసి కొత్తది తెప్పించాను. అదీ అక్కడే ఆగింది. ఈమధ్య సరుకులో నాణ్యత పడిపోతోందని కొట్టువాడికి ఫోన్ చేసి చీవాట్లు కూడా పెట్టాను. అతను పాపం క్షమించమన్నాడు.

అత్తయ్య సంగతి ఇంకా ఘోరం. మాడు పగిలే ఎండలో ఆవిడ ఆ కారులోంచి శాలువా కప్పుకుని దిగేది. ముక్కు ఎర్రబడి, గొంతు బొంగురుపోయి ఉండేది. ఒకసారి స్వెట్టరు కూడా వేసుకొచ్చింది. కారు ఏసీ సరిగ్గా పనిచేస్తోందా లేదా అని తెలుసుకోవడానికి వేరే గేజీ అక్కర్లేదు, నా కళ్ళ ముందే తుమ్ముతూ నిలబడింది. నేను మాత్రం, మీ ఒంట్లో బలం తగ్గిందత్తయ్యా, రక్తం పరీక్ష చేయించుకోండి అని సలహా ఇచ్చాను. ఆవిడ మా మామగారి వైపు ఒకసారి చూసి, అలాగే బాబూ అంది. ఆయన చల్లగా లేదన్న చోట చలిగా ఉందనే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నాకసలు లేదు.

వేసవి సగంలో ఆయన షెడ్డులోకి వస్తూ వస్తూ, గేటు పక్కన పేర్చిన పాత టైర్లని గుద్దారు. టైర్లు దొర్లిపోయాయి, బంపరు కాస్త నొక్కుకుపోయింది. ఆయన దిగి, "బ్రేకు మెత్తబడిందయ్యా అల్లుడూ, తొక్కుతున్నానో లేదో కూడా తెలియడం లేదు" అన్నారు. తొక్కుతున్నట్టు తెలియడం లేదన్న మనిషిని ఎదురుగా పెట్టుకుని నేను పెడల్ వైపు వంగి చూశాను. పెడల్ గట్టిగానే ఉంది. అయినా ప్యాడ్లు మార్చేశాను, బ్రేకు ఆయిలు కూడా మార్చాను. ఏమన్నానో వేరే చెప్పాలా, దొరికిందన్నాను. ఆ రోజు ఆయన దిగినప్పుడు ఒక కాలికి చెప్పు లేదు. అది పెడల్ కింద పడివుంటే పనివాళ్ళు తెచ్చిచ్చారు. మామయ్యకి మతిమరుపు మొదలైందని నవ్వుకున్నాం. ఆయనా మాతోపాటు నవ్వారు.

ఇక లాభం లేదని ఒక మధ్యాహ్నం నేనే వాళ్ళతో కారెక్కాను. ఆయన నడుపుతున్నారు, పక్కన అత్తయ్య శాలువాతో, వెనక నేను. కాసేపటికే నా పళ్ళు టకటకలాడటం మొదలైంది. చేతులు చంకల్లో పెట్టుకున్నాను. అద్దంలోంచి ఆయన నన్ను చూసి ఎలా ఉందని అడిగారు. ఆయన ముక్కు చివర ఒక నీటిబొట్టు వేలాడుతోంది, రుమాలుతో తుడుచుకుంటున్నారు. "ఇంకాస్త చల్లబడాలి మామయ్యా" అన్నాను. అత్తయ్య కూడా, అవును, కొంచెం ఉక్కగానే ఉంది అంది. అలా ముగ్గురం గజగజలాడుతూ, ఉక్కపోతని తిట్టుకుంటూ ఊరంతా తిరిగొచ్చాం. రోడ్డు మీద వాళ్ళెవరైనా కారులోకి తొంగిచూసి ఉంటే పిచ్చాసుపత్రికి కబురుపెట్టేవారు.

షెడ్డుకి రాగానే ఆయన బానెట్ ఎత్తమన్నారు. నా పని మీద ఆయనకి నమ్మకం పోయిందని నాకర్థమైంది. పనివాళ్ళ ముందు, మా ఆవిడ ముందు, నేను కనిపెట్టలేని తప్పుని ఆయన ఇప్పుడు చేత్తో తాకి కనిపెట్టేస్తారు. ఇన్నాళ్ళు దొరికింది దొరికింది అన్నందుకు నేను ఎక్కడ తలదాచుకోవాలా అని ఆలోచిస్తున్నాను. ఆ క్షణంలో కూడా నా దిగులంతా నా గురించే, అదీ నా తెలివి.

ఇంజను నడుస్తోంది. ఆయన వంగి, కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గొట్టాన్ని పట్టుకున్నారు. చాలాసేపు తిరిగొచ్చిన బండి అది. ఆ గొట్టాన్ని ఎవరూ పట్టుకోరు, వేలితో ఇలా తాకి అలా తీసేస్తారు. పని నేర్పే మొదటి రోజే ఆయన నాకు ఆ మాట చెప్పారు. ఆయన మాత్రం గుప్పిట బిగించి పట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. "చూశావా, గోరువెచ్చగా ఉంది. ఇక్కడే ఉంది తిరకాసు" అన్నారు.

నేను ఆయన చేతినే చూస్తున్నాను. ఆయన వదలడం లేదు. చర్మం కమురుతున్న వాసన వచ్చింది. ఒక్క అరుపు అరిచి, రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని లాగేశాను. అరచేతికి అడ్డంగా గొట్టం వెడల్పున ఎర్రటి వాత తేలింది. ఆయన ఆ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. నొప్పి లేదు ఆ ముఖంలో. దొంగతనం బయటపడ్డ మనిషి ముఖంలా ఉంది.

మా ఆవిడ తండ్రిని కుళాయి దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి చెయ్యి నీళ్ళ కింద పెట్టింది. నీళ్ళు కాళ్ళ మీద పడుతుంటే చెప్పులు పక్కకి తీయబోయి ఆగిపోయింది. కుడి చెప్పులో ఒక ఇనప వాషరు ఉంది, మా షెడ్డు నేల మీద ఎప్పుడూ దొర్లుతుండే రకం. ఆయన పాదం ఎత్తి చూస్తే అరికాల్లో దాని గుండ్రటి అచ్చు, చుట్టూ నల్లగా కమిలి పుండు పడిన చర్మం. దాని మీద ఎన్నాళ్ళుగా నడుస్తున్నారో తెలియదు. మా ఆవిడ ఆ వాషరుని తీసి నా అరచేతిలో పెట్టింది.

అప్పుడు వెలిగింది నాకు. తొక్కుతున్నానో లేదో తెలియడం లేదని ఆయన చెప్పింది బ్రేకు గురించి కాదు. ఆ కాలితోనే ఆయన ఊరంతా కారు తిప్పుతున్నారు, పక్కన మా అత్తయ్యని కూర్చోబెట్టుకుని. నేనూ అక్కడే నేల మీద చతికిలబడ్డాను.

"ఎప్పట్నుంచి మామయ్యా?" అని అడిగాను.

షుగరు ఉన్నమాట మాకందరికీ తెలుసు. మాత్రలు గుర్తున్నప్పుడు వేసుకుంటారనీ తెలుసు. కాళ్ళు మొద్దుబారడం ఎప్పుడో మొదలైందట, వయసు మీద పడిందిలే అనుకున్నారట. చేతుల సంగతి మాత్రం ఈ వేసవిలోనే తెలిసిందట, కారులో కూర్చున్నప్పుడు. మరి ముఖానికైనా చల్లగాలి తెలియలేదా అన్నాను. పెళ్ళయ్యాక ఆయన నన్ను ఒరే అనడం మానేశారు, ఆ రోజు మళ్ళీ అన్నారు.

"తెలిసిందిరా. ముక్కు కారుతూనే ఉంది కదా. కానీ ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది చెయ్యి, ముఖం కాదు. దేన్ని నమ్మమంటావు?" అన్నారు. నీళ్ళనే చూస్తూ మెల్లగా అన్నారు. "నువ్వు దొరికిందన్నప్పుడల్లా హమ్మయ్య అనుకునేవాణ్ణిరా. అయితే తప్పు బండిలోనే ఉంది, నా చేతికేం కాలేదు అనుకుని ఆ పూట హాయిగా పడుకునేవాణ్ణి. పొద్దున్నే లేచి మళ్ళీ గాలికి చెయ్యి పెడితే ఏమీ ఉండేది కాదు. మళ్ళీ నీ దగ్గరికి వచ్చేవాణ్ణి."

నన్ను ఎవరైనా రెంచితో నెత్తి మీద కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. లేని తప్పులు కనిపెట్టి నేను కాలరెగరేసిన ప్రతిసారీ ఆయన ఆసుపత్రికి వెళ్ళడం మానుకున్నారు. నేను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కారులో ఏమీ లేదు మామయ్యా అని ఉంటే చాలు. ఆ మాట అంటే నా పరువు పోతుందనుకున్నాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. పనివాళ్ళు చూస్తున్నారని కూడా అనిపించలేదు.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన మొండికేసి తనే కారు నడుపుతానన్నారు. కట్టు కట్టిన చేత్తో ఎలా నడుపుతారని మా ఆవిడ కసిరింది. చివరికి ఆటోలో వెళ్ళాం, తాళాలు మాత్రం ఆయన జేబులోనే ఉంచుకున్నారు. తిరిగొచ్చాక సాయంత్రం బండి బయటికి తీయాలని దారంతా అంటూనే ఉన్నారు.

డాక్టరమ్మ ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టింది. సన్నటి ప్లాస్టిక్ దారం ఒకటి చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకోమంది. అది పాదానికి తగిలినట్టు తెలిసినప్పుడల్లా ఊఁ అనమంది. అంతే పరీక్ష. మేం ముగ్గురం గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఆవిడ బొటనవేలి కింద దారం ఆనించింది, అది విల్లులా వంగింది. ఆయన పలకలేదు. మడమ దగ్గర ఆనించింది. పలకలేదు. చిటికెన వేలి దగ్గర. గదిలో ఎవరూ ఊపిరి తీయడం లేదు. ఆ నిశ్శబ్దం ఆయనకి అనుమానం కలిగించినట్టుంది. కళ్ళు గట్టిగా మూసుకుని "ఊఁ" అన్నారు.

డాక్టరమ్మ చేతిలో దారం గాలిలో ఉంది.

"ఊఁ" అన్నారు మళ్ళీ. కాస్త ఆగి, ధైర్యం చిక్కినట్టు, "ఊఁ, తెలుస్తోందమ్మా, బాగా తెలుస్తోంది" అన్నారు. ఆవిడ దారం పక్కన పెట్టి, వేళ్ళకు శానిటైజర్ రాసుకుంటోంది. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. లేనిదాన్ని ఉందనడం వేసవంతా నేను చేసిన పనే గనక ఆ గొంతుని నేను వెంటనే గుర్తుపట్టాను.

డాక్టరమ్మ మర్యాదగానే చెప్పింది. పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చంది, ఉన్నదాన్ని కాపాడుకుందామంది. ఆ అరికాలి పుండు ఇంకొన్నాళ్ళు ఎవరూ చూడకపోతే పాదానికే ముప్పు వచ్చేదంది. చెప్పుల్లేకుండా నడవొద్దంది. ఆఖర్న, ఇక కారు నడపకూడదంది. ఆయన ఆవిడ మాట వినిపించుకోనట్టే లేచి కూర్చుని, నావైపు తిరిగారు.

"ఒరే, ఆవిడకి బండ్ల సంగతేం తెలుసు. నువ్వు చెప్పు. మెల్లగా నడుపుకుంటాను, ఇంటి నుంచి షెడ్డు దాకానే. నడపొచ్చా?"

ఆయన అలా అడగడం నేనెరగను. నాకు పని నేర్పిన మనిషి నా నోటి వైపు చూస్తూ కూర్చున్నారు. కొంచెం పర్వాలేదు మామయ్యా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది, అలవాటైన మాట కదా. మా ఆవిడ నన్నే చూస్తోంది.

"వద్దు మామయ్యా" అన్నాను.

ఆయన కోపంతో నాలుగు తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. సరేనన్నట్టు తలూపి, తాళాలు నాకివ్వడానికి కట్టు లేని చెయ్యి జేబులో పెట్టారు. వెతికారు. జేబులో చెయ్యి కదిలినప్పుడల్లా తాళాలు గలగలమంటున్నాయి, ఆ చప్పుడు గదిలో అందరికీ వినిపిస్తోంది. ఆయన మాత్రం వెతుకుతూనే ఉన్నారు. "ఇంట్లో పెట్టి మర్చిపోయానేమో" అన్నారు.

అత్తయ్య వచ్చి పక్కన నిలబడి, ఆయన జేబులో తన చెయ్యి పెట్టి, ఆయన వేళ్ళ మధ్యనుంచి తాళాలు తీసి నాకిచ్చింది.